మూడో గొట్టం మీద నీటిబొట్టు

మా పికప్ బండికి జబ్బు చేసిన ఏడాది నాకు నోరు మరీ ఎక్కువగా ఉండేది. లారీల మీద క్లీనరుగా తిరిగిన రోజుల్లో నాలుగు పానాలు పట్టి నట్లు బిగించినవాణ్ని కాబట్టి, ఇంజన్ల గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. ఎవరైనా కాదంటే ఆ రోజుకు వాళ్లతో మాటలు బంద్.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. వానల్లేక మా వీపనగండ్ల వైపు ఎన్నో ఇళ్లు తాళాలు వేసుకుని మేస్త్రీల వెంట దూరదేశం మట్టి పనులకు పోయేవి. నేనూ నా భార్యా ఆరేళ్లు అలాగే పోయాం. తట్టలు మోసీ మోసీ ఆమెకు పట్టుకున్న మెడ నొప్పి ఇప్పటికీ వదల్లేదు. ఇక పోకూడదనే పాత డీజిల్ పికప్ కొనుక్కున్నాం. పల్లికాయ బస్తాలు వనపర్తికి, పుచ్చకాయలు గద్వాలకు వేసేవాణ్ని. బండి తిరిగితే మా ఊళ్లో ఉంటాం, ఆగితే మళ్లీ నెత్తిమీదికి తట్ట.

ఆ బండి వణకడం మొదలుపెట్టింది. ముందు స్టీరింగు, తర్వాత సీటు, చివరికి అద్దానికి అంటించిన దేవుడి పటం కూడా. లోడు మీద ఎత్తు ఎక్కాలంటే ఇంజన్ మధ్యమధ్య తడబడుతూ మిస్సింగ్ కొట్టి నీరసపడేది. ఒకసారి ఖిల్లా ఘణపూర్ దగ్గర సగం బస్తాలు దింపితే గానీ కదల్లేదు.

వనపర్తి మెకానిక్ దగ్గరికి పోయి, చక్రాల్లో తేడా ఉంది, సరిచెయ్యమన్నాను. చేశాడు. గద్వాలలో ఇంకొకాయనతో ఇంజన్ కింది రబ్బర్లు మార్పించాను. నాగర్‌కర్నూల్‌లో వెనక చక్రాలకు పోయే రాడ్డు జాయింటు కొత్తది వేయించాను. అక్కడాయన ఒకసారి స్టార్ట్ చేసి ఇంజన్ చప్పుడు వింటానన్నాడు. నాకు తెల్వదా అని కసిరాను, ఆయన నోరు మూసుకుని చెప్పింది చేశాడు. మరునాటికి మళ్లీ అదే వణుకు. ఇంటికొచ్చి ముగ్గురినీ తిట్టాను. రోగం పేరు నేనే చెప్పి, మందు నేనే రాసి, తగ్గలేదని దవాఖానను తిట్టడమంటే ఇదేనని అప్పుడు తోచలేదు.

చివరికి పాత బండ్లు కొనే ఆయనకు కబురు పెట్టాను. ఫలానా రోజు పొద్దున పది గంటలకు వచ్చి చూస్తానన్నాడు. ఆ తర్వాత రెండో రోజే మేస్త్రీ గుంపు బయలుదేరుతుంది. నా భార్య గోనెసంచి దులిపి గిన్నెలు, చాపలు, పాత తట్ట అందులో సర్దింది. రొట్టెల పెనం మాత్రం బయటే ఉంచింది. ఆ సర్దడం చూస్తే నాకు కోపం వచ్చింది. నిజానికి అది సిగ్గు.

ఆ రోజు తెల్లవారాక, ఇంజన్ కాస్త వేడెక్కితే వణుకు తగ్గుతుందేమో, కొనే ఆయన రాకముందే చూసుకుందామని బండి స్టార్ట్ చేశాను. ఆమె వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు చేస్తోంది. పిండి చేతులతోనే లేచి వచ్చి నిలబడింది.

“నిలబడ్డప్పుడు గూడ గిట్లనే వణుకుతది గదా. మరి చక్రాల తప్పెట్లయితది?”

మూడు ఊళ్లు తిరిగినా ఈ ప్రశ్న నేను వేసుకోలేదు.

“దీంట్ల మంటలు ఎన్నుంటయి?” అని అడిగింది.

నాలుగు గదుల్లో డీజిల్ మండుతుందని, ఒక్కో గదికి ఒక్కో పొగ గొట్టమని ఎప్పుడో నేనే ఆమె ముందు గొప్పలు పోయాను. నాలుగు, అన్నాను.

“నాలుగూ మండుతున్నయని నీకెట్ల తెలుసు?”

బానెట్ ఎత్తమంది. ఎత్తాను. గొట్టాలు చూపించాను. ఆమె చెంబులో వేళ్లు ముంచి, రోజూ రొట్టె వేసే ముందు పెనం కాలిందో లేదో చూసుకున్నట్టే, మొదటి గొట్టం మీద నాలుగు చుక్కలు చిలకరించింది. చుయ్‌మని ఎగిరిపోయాయి. రెండోదాని మీదా అంతే. మూడోదాని మీద పడిన బొట్టు అలాగే నిలబడింది. ఇంజన్ వణుకుతుంటే అదీ వణికి, మెల్లగా కిందికి జారింది. నాలుగోది మళ్లీ చుయ్‌మంది.

“గీ పొయ్యి మండుతలేదు,” అంది. పొయ్యి మీద రొట్టె మాడుతుందని వెంటనే వెళ్లిపోయింది.

ఇంజన్ ఇనుప కడుపులో, ఎవరి కంటికీ అందని చోట ఏది మండుతోందో ఏది చల్లారిందో, స్టీరింగు కూడా ఎప్పుడూ ముట్టని మనిషి నాలుగు చుక్కల నీళ్లతో చూసేసింది. ఎన్నేళ్లుగానో పొద్దున్నే ఆమె పెనం మీద నీళ్లు చల్లడం చూస్తూనే ఉన్నాను, ఆ చుయ్‌మనే చప్పుడుకే రోజూ నిద్ర లేచేవాణ్ని. అందులో ఇంత చదువుందని నాకు తట్టలేదు. ఆమె వైపు చూడాలంటే దేవుడి ముందు నిలబడ్డట్టు భయమేసింది.

బండిని నేరుగా మండలంలోని మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాను. ఈసారి రోగం పేరు చెప్పలేదు. నడిచొచ్చిన వేడికి గొట్టాలన్నీ కాలి ఉంటాయి కాబట్టి ఇంజన్ చల్లారే దాకా కూర్చుని, స్టార్ట్ చేసి, నీళ్లు చల్లి చూపించాను. ఆయన మూడో గదికి డీజిల్ చిమ్మే నాజిల్ విప్పాడు. దాని రంధ్రాలు మసితో పూడిపోయి ఉన్నాయి. కొత్తది వేసి తాళం తిప్పితే బండి ఒక్క తీరుగా మోగింది. ఇది కనిపెట్టింది ఎవరని అడిగాడు. పాత అలవాటు కొద్దీ ‘నేనే’ అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసి, మా ఇంటామె అన్నాను.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కొనే ఆయన వచ్చి పోయాడట. బండి అమ్మేది లేదని ఆమే చెప్పి పంపేసింది. ఎప్పుడొచ్చాడని అడిగాను. పది గంటలకని చెప్పింది. అప్పటికి నేనింకా మెకానిక్ దగ్గర ఇంజన్ చల్లారడం కోసం కూర్చునే ఉన్నాను.

గోనెసంచి ఖాళీగా మడతపెట్టి ఉంది. పాత తట్ట పొయ్యి పక్కన ఉంది, నిండా పిడకలతో.