పచ్చచుక్కకు భక్తుడినైన రోజు

ఎవరేం చెప్పినా రుజువు అడిగే మనిషినని మీరు గొప్పలు పోతారా? నేనూ పోయేవాణ్ణి, ముప్పై నాలుగు గుండ్లు మా ఆఫీసు మెట్లెక్కి వచ్చి స్నానానికి నీళ్లడిగేదాకా. ఆ ఘోరం ఎలా జరిగిందో వినండి.

అప్పట్లో నేను తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. తిరుచానూరులోని ఒక లాడ్జికి గదులు కేటాయించే ప్రోగ్రాం రాసిచ్చాం. అక్కడ రిసెప్షన్ చూసే గిరిజక్కే పట్టుబట్టి ఓనరును కంప్యూటర్‌కు ఒప్పించింది. "గదులుండి కూడా యాత్రికులు తిరిగిపోతే, ఆ కంప్యూటర్‌తోపాటు నిన్నూ పంపించేస్తా" అని ఆయన ముందే చెప్పేశాడు.

అంటే ఆవిడ ఉద్యోగం నా ప్రోగ్రాం మీద నిలబడి ఉంది. నేనేమో మొదటిరోజే ఆవిడ కంప్యూటర్‌కు పెట్టిన కుంకుమబొట్టు తుడిచి, మూఢనమ్మకాల మీద అరగంట ఉపన్యాసం దంచాను. "కాపాడేది బొట్టు కాదక్కా, నిఘా!"

ఆ నిఘా పేరు ఎస్‌ఎన్‌ఎంపీ. నెట్‌వర్క్‌లోని యంత్రాలను దూరం నుంచి పలకరించే పద్ధతి. నిమిషానికోసారి లాడ్జి కంప్యూటర్‌ను "నీలో ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయి?" అని అడుగుతుంది. అది జాబితా అప్పజెబుతుంది. అందులో మా ప్రోగ్రాం పేరుంటే నా తెర మీద పచ్చచుక్క, లేకుంటే ఎర్రచుక్క. పొద్దున్నే వచ్చి ఆ పచ్చచుక్కను చూస్తే గానీ నేను కాఫీ ముట్టేవాణ్ణి కాదు.

ఒకరోజు పదిగంటలకు ఫోను.

"ఏమప్పా, గదులు రావటంల్యా. తెరలో ఏందో గుండ్రంగా తిరగతానే ఉండాది."

"ఈడ పచ్చగా ఉండాదక్కా. నీ వైరు చూసుకో."

పది నిమిషాలకు మళ్లీ గిరిజక్కే. "వైరు పీకి పెట్టినా. అట్నే ఉండాది. కొండ దిగొచ్చిన బస్సొకటి ఈడ నిలబడుండాది. అందరూ గుండ్లే, ఎండలో మాడతా ఉండారు."

"నువ్వే ఏదో తప్పు నొక్కింటావు."

"అయితే నువ్వే వచ్చి నొక్కు!"

"వచ్చే పనేముందక్కా? సాక్ష్యం నా కళ్లముందే ఉండాది."

"బొట్టు తుడిసినప్పుడే అనుకున్నా."

ఆ మాటతో నాకు ఒళ్లు మండింది. "అక్కా, ఇది సైన్సు!" అని గర్జించి ఫోను పెట్టేశాను. గమనించండి, సైన్సు పేరెత్తి గర్జించేవాడు అప్పటికే సైన్సు చేయడం మానేసి ఉంటాడు.

అరగంటకు మెట్ల మీద అలికిడి. గంధం పూసిన గుండ్లు, తోమి బోర్లించిన ఇత్తడి చెంబుల్లా, ఒకదాని వెనుక ఒకటి లోపలికొచ్చాయి. ముందున్న అవ్వ చేతిలో గిరిజక్క చీటీ: "నీ తెరలో అంతా బాగుండాదంటివి కదా. ఈళ్లకు ఆ తెరలోనే గదులియ్యి."

అవ్వ వంగి నా తెరను చూసింది. "ఈ పచ్చది ఏంది నాయనా?"

"ప్రోగ్రాం నడస్తా ఉండాదని గుర్తు, అవ్వా."

"ఎవురు సెప్పినారు?"

"ఆ కంప్యూటరే."

"దాని సంగతి దాన్నే అడిగితివా? గది కోసం నిలబడినోళ్లను అడగలేదా?"

ఎన్నో సభల్లో ఎందరితోనో వాదించినవాణ్ణి. స్కూటర్ తాళం కోసం జేబులు తడుముకున్నాను.

ఉన్న ఒక్క బాత్రూం ముందు వాళ్లను వరసలో వదిలేసి, స్కూటర్ మీద తిరుచానూరుకు పరిగెత్తాను. అక్కడ కంప్యూటర్‌లో డిస్కు నిండిపోయింది. రాసుకోవడానికి చోటు లేక మా ప్రోగ్రాం నోరు తెరుచుకుని కూర్చుంది. జాబితాలో పేరుంది, చేసే పని లేదు. పాత ఫైళ్లు తీసేస్తే రెండు నిమిషాల్లో గదులొచ్చాయి. బస్సును వెనక్కి పిలిపించాం.

అంతలో ఓనరు రుసరుసలాడుతూ దిగాడు. "అక్క తప్పేం లేదు, నాదే" అన్నాను.

"నోటితో కాదప్పా, రాసియ్యి" అంది గిరిజక్క.

రాసిచ్చాను. దాన్ని రిసెప్షన్ గోడకు అంటించి, "తిన్నావా?" అని తన క్యారియర్‌లో సగం పెరుగన్నం నా ముందు పెట్టింది. ఆవిడ ఉద్యోగం ఆవిడకు మిగిలింది. నా క్షమాపణ ఆ గోడ మీద నేటికీ చిరునవ్వులు పంచుతోంది.

ఇప్పుడు మా నిఘా ఐదు నిమిషాలకోసారి ఉత్తుత్తి యాత్రికుడిలా ఒక గది అడిగి చూస్తుంది. యంత్రం తన గురించి తానిచ్చే వాంగ్మూలాన్ని ఇంకెన్నడూ నమ్మనని, ఏ దేవుణ్ణీ సాక్షికి పిలవకుండానే ప్రమాణం చేశాను.

మీరింకా చదువుతూ కూర్చున్నారేం? లేవండి. మీ ప్రోగ్రాం వాడే మనిషికి ఇప్పుడే ఫోను చేసి, పని అవుతోందా లేదా అడగండి.