నాన్న పికప్‌కి కరెంటు ఫ్యాను

మా చిన్నప్పుడు... నాన్న పికప్ బండి బానెట్‌లోంచి ఆవిరి లేచిందంటే, నీళ్ళ క్యాను పట్టుకుని ముందు దూకేది నేనే. అప్పుడు నాకు పదేళ్ళు. వినుకొండ వైపు నుంచి గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు, అదేనండీ, బస్తాలు... మోసే బండి అది. అప్పటికే దాని వయసు నా వయసుకి రెండింతలు.

బండికి వంక పెట్టడానికి లేదు. పరిగెత్తినంతసేపూ రాజాలా పోయేది. యార్డు గేటు దగ్గర లైన్లో ఆగిందా... పొయ్యి మీద ఎసరులా మరిగేది. ఇంజను తిప్పితే బెల్టు మీద తిరిగే ఫ్యాను కదా, ఇంజను నెమ్మదిస్తే అదీ నెమ్మదించేది.

రైతులు ఒక్కొక్కరే వేరే బండ్లు చూసుకున్నారు. చివరికి మిగిలింది కోటయ్య గారొక్కరే. ఆయన కూడా "ఈసారి దార్లో ఆగిందంటే ఇంక నన్ను అడగబాకయ్యా" అనేశారు.

అమ్మ తేల్చి చెప్పింది. "అమ్మేసి మళ్ళీ కూలికి పోదాం. రోజూ ఈ భయం నా వల్ల కాదు."

నాన్నేమో కూలిపని వదిలి స్టీరింగ్ పట్టుకున్న మనిషి... మళ్ళీ వెనక్కి పోవడమంటే ఆయనకి చావుతో సమానం. నాకు ఆ వయసులోనే అర్థమైంది.

అప్పుడు మెకానిక్ మస్తాన్ బాబాయ్ ఒక ఉపాయం చెప్పాడు. పాత సామాన్ల కొట్లో తుక్కుకొచ్చిన కారు ఫ్యాను ఒకటుంది, బ్యాటరీ మీద తిరుగుతుంది, ఇంజనుతో పనే లేదని. తనే తెచ్చాడు. పాత ఫ్యాను ఊడదీసి, రేడియేటర్ వెనక ఇనప పట్టీలు వేసి దీన్ని బిగించాడు. స్విచ్ నొక్కగానే గుర్రుమని తిరిగింది. బాబాయ్ చేతులు తుడుచుకుని టీకి పోయాడు.

ఇక్కడే మా ఇంటి తెలివి బయటపడింది...

నాన్న బండి ముందుకొచ్చి, రేడియేటర్‌కి అడ్డంగా ఉండే జాలీ దగ్గర మొహం పెట్టాడు. గాలి లేదు. "ఇదేం ఫ్యానమ్మా... గాలే కొట్టట్లా?" అన్నాడు. నేనూ పెట్టాను. నాకూ రాలేదు. మా ఎండల్లో ఫ్యానంటే ఒకటే లెక్క, మొహానికి గాలి తగలాలి. నాన్న స్క్రూడ్రైవర్ తీసుకుని రెండు వైర్లూ అటుదిటు, ఇటుదటు మార్చేశాడు. అప్పుడు వచ్చింది చూడండి గాలి... నా రిబ్బన్లు ఎగిరాయి. "భలే ఉంది నాన్నా" అన్నది నేనే. అమ్మ కూడా వచ్చి, కొంగుతో మెడ తుడుచుకుంటూ కాసేపు నిలబడింది. టీ తాగొచ్చిన బాబాయ్‌కి మాత్రం ఎవరమూ చెప్పలేదు.

మర్నాడు కోటయ్య గారి టిక్కీలు ఎత్తారు. నేను బడి ఎగ్గొట్టి నాన్నకీ ఆయనకీ మధ్య కూర్చున్నాను. నరసరావుపేట దాటామో లేదో, వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి పోయింది. ఒక పత్తి జిన్నింగ్ మిల్లు ముందు ఆపేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి.

కోటయ్య గారు దిగి రోడ్డుకేసి చూస్తూ, "వెనకాల ఖాళీ బండేదన్నా వస్తే టిక్కీలు అందులోకి మార్చేద్దాం. యార్డులో వేలంపాట టైముకి అందాలి కదా" అన్నారు. నాన్న స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. ఆయన అలా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

అయినా నా డ్యూటీ నేను చెయ్యాలి కదా... క్యాను తీసుకుని ముందుకు పోయాను. ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. మిల్లులోంచి దూది గాల్లో తేలుతోంది. ఆ రోడ్డున పోయిన బండి జాలీకి దూది పట్టి తీరాలి. రోజూ సాయంత్రం దాన్ని పీకేది నేనే, నాకు తెలీదా? ఆ రోజు జాలీ కడిగినట్టుంది. కింద పడున్న దూది పింజ ఒకటి తీసి దగ్గర పెట్టాను. ఎగిరొచ్చి నా మీదే పడింది.

"నాన్నా, ఇది బయటికి ఊదుతోంది. గాలి పోవాల్సింది రేడియేటర్లోకి కదా... మనకెందుకు?"

నాన్న దిగొచ్చి తనూ పింజ పెట్టి చూశాడు. అదీ ఎగిరింది. నెత్తి కొట్టుకున్నాడు. "కోటయ్య గారూ, తప్పు బండిది కాదండీ, నాది. గాలి రావట్లేదని వైర్లు నేనే తిప్పి పెట్టా."

కోటయ్య గారు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. "మరి మళ్ళీ తిప్పి తగలడయ్యా. పిల్ల చెప్పింది కదా."

వైర్లు మార్చాక పింజ పెడితే జాలీకి అతుక్కుపోయింది. ఇంజను చల్లారేదాకా ఆగి, మిల్లు కుళాయి నీళ్ళు పోసుకుని బయల్దేరాం. గేటు దగ్గర లైను బారెడు ఉంది. నేను ముల్లు వంకే చూస్తూ కూర్చున్నాను... కదిలితే ఒట్టు. పాట టైముకి టిక్కీలు దిగాయి. "ఎల్లుండి కూడా రా. పిల్లని తెచ్చుకో" అన్నారు కోటయ్య గారు.

బండి అమ్మలేదు. అమ్మ మళ్ళీ ఆ మాటెత్తలేదు. సంగతి తెలిశాక మస్తాన్ బాబాయ్ మాత్రం ఎప్పుడు కనపడ్డా, "ఏరా, మొహానికి గాలి బాగా తగుల్తోందా?" అని నాన్నని ఏడిపించేవాడు.

ఆ పికప్ ఇప్పటికీ ఉంది. ఆదివారం నాన్న అందులోనే చర్చికి వెళ్తాడు. బండి సొరుగులో స్క్రూడ్రైవర్ పక్కన చిటికెడు దూది ఉంటుంది...

మొన్న నా కొత్త కారు వేడెక్కి ఆగిపోయింది. సర్వీసు సెంటరుకి నాతోపాటు నాన్న కూడా వచ్చాడు, జేబులో దూదితో. అద్దాల తలుపు దగ్గరే ఆపేశారు. "లోపలికి రాకూడదండీ, లోపమేంటో కంప్యూటర్ చెప్తుంది" అన్నాడు అక్కడి కుర్రాడు, మర్యాదగానే. నాన్న బయటికి తీసిన దూదిని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. నా మనసంతా అదోలా అయిపోయింది.

ఆ రోజుల్లో పదేళ్ళ పిల్ల చెప్పినా బండి దిగొచ్చి చూసేవాళ్ళు... ఇప్పుడు కారు నా పేరు మీదే ఉంది, బానెట్‌లో తల పెడదామంటే నన్నే రానివ్వరు.

మీ ఇంట్లోనూ ఇలా అందరూ తలో చెయ్యి వేసి బాగుచేసిన బండో, నీళ్ళ మోటారో ఉండే ఉంటుంది. అసలు పాడుచేసిందెవరో, కనిపెట్టిందెవరో... దాచకుండా చెప్పండి.