బజర్ తీసేసిన రిమోటు

ఎవరికైనా దయ్యం పట్టిందని మా వీధిలో అనుకుంటే, ముందు జ్వరం ఉందేమో చూడండి అని చెప్పే మనిషిని నేను. మాది చర్చికి పోయే ఇల్లు. చనిపోయినవాళ్లు ఆఖరి దినం దాకా నిద్రలో ఉంటారని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. వాళ్లు లేచి వచ్చి మనల్ని సతాయిస్తారని ఒక్కనాడూ అనుకోలేదు. ఇప్పుడు కూడా అనుకోవడం లేదు. మా ఊళ్లో ఈ రిమోటు సంగతిని ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఊరు ఆలూరుకు దగ్గర. వాన పడితే పత్తి, మిరప. పడకపోతే ఏమీ లేదు. రెండేళ్ల కింద మా మహిళా సంఘానికి చేలకు మందు కొట్టే డ్రోన్ వచ్చింది. దాన్ని నడపడం నేర్చుకోవడానికి ఇద్దరిని కర్నూలుకు పంపారు. ఒకరు లక్ష్మీదేవి, రెండోదాన్ని నేను. నా పేరు సువార్త.

నా చేయి నిలకడగా ఉందని ట్రైనింగు సారు రెండుసార్లు అన్నాడు. గాలి తోలుతున్నా డ్రోన్‌ను కదలకుండా ఒకే చోట నిలబెట్టేదాన్ని. లక్ష్మీదేవి చేతిలో అది అటూ ఇటూ ఊగేది. అయినా ఊరికి వచ్చాక పైలెట్టు ఆమే అయింది. సంఘంలో పాత మనిషి, నలుగురిలో మాట్లాడగలదు. నేను అసిస్టెంటును. అంటే డ్రమ్ములో మందు కలపాలి, ట్యాంకు నింపాలి, వేడెక్కిన బ్యాటరీలు మార్చాలి.

లక్ష్మీదేవి మెడలో రిమోటు వేసుకుని గట్టు మీద నిలబడేది. రైతులు ఆమెను డ్రోనమ్మ అనేవాళ్లు. నేను ఆ బకెట్టామెను. ఒకసారి పేపర్లో ఫోటో వచ్చింది. అందులో ఆమె నిండుగా ఉంది, పక్కన నా మోచేయి ఉంది. మా ఆయన ఆ పేపరు ఇంటికి తెచ్చి, లక్ష్మీదేవి ఎంత బాగా పడిందో చూడు అన్నాడు. ఆ పూట నేను అన్నం తినలేదు. తలనొప్పి అని చెప్పాను.

"ఒక్క ట్యాంకు నేను కొడతా, ఇయ్యక్కా" అని ఎన్నిసార్లు అడిగానో.

"రేపు చూద్దాంలే సువార్తా" అనేది. రెండు సీజన్లు గడిచినా ఆ రేపు రాలేదు.

నిరుడు పత్తి పూతకు వచ్చిన రోజుల్లో ఒక పొద్దున, గాలి లేకుండానే డ్రోన్ ఉన్నట్టుండి కిందికి జారి మళ్లీ లేచింది. నేను ఆమె చేతుల వైపు చూశాను. ఎడమ బొటనవేలు వణుకుతోంది. అలసటతో వణికినట్టు లేదు. దానంతట అదే కొట్టుకుంటోంది. నేను చూడటం ఆమె చూసింది.

"ఎండకు చెయ్యి పట్టుకున్యాది" అంది.

నేను తలూపి డ్రమ్ము దగ్గరికి పోయాను. అప్పుడు నాకు కలిగింది ఏమిటో దాచకుండా రాయాలి. సంతోషం కలిగింది. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే ఎక్కడో ఒకచోట డ్రోన్‌ను పడేస్తుంది, అప్పుడు రిమోటు నా చేతికి వస్తుంది అనుకున్నాను. ఆ వణుకు సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రిలో చూపించుకో అక్కా అని ఆమెకూ చెప్పలేదు. ఆ తర్వాత రోజూ ఆ బొటనవేలు వైపు చూస్తూ మందు కలిపాను.

రెండు నెలలకు ఆమె ఇంట్లో పడిపోయింది. కర్నూలుకు తీసుకుపోతే తలలో గడ్డ ఉందన్నారు. ఇరవై రోజులు కూడా బతకలేదు. నేను నిజంగానే ఏడ్చాను. వాళ్ల ఇంటి ముందు కూర్చుని ఏడుస్తూనే, లోపల గూట్లో రిమోటు పెట్టె కనబడుతుంటే పదేపదే అటే చూశాను.

మిరపకు తామర పురుగు పట్టిన సమయంలో సంఘం లీడరు పద్మావతక్క ఆ పెట్టె తెచ్చి నాకు ఇచ్చింది. మరునాడు పొద్దున ఎనిమిదింటికి మా ఊరి దిగువన ఒక మిరప చేను దగ్గర నిలబడి స్విచ్ వేశాను. రిమోటు మోగడం మొదలుపెట్టింది. మూడు పొట్టి బీప్‌లు, కాస్త ఆగి మళ్లీ మూడు.

భయం వేయలేదు. రిమోటు ఎందుకెందుకు మోగుతుందో ట్రైనింగులో నేర్పించారు. చార్జింగు తగ్గితే మోగుతుంది. చూస్తే నిండుగా ఉంది. స్విచ్ వేసేటప్పుడు, డ్రోన్‌ను పైకి లేపే ఎడమ పుల్ల కిందికి లేకపోతే మోగుతుంది. పుల్ల కిందికే ఉంది. డ్రోన్‌తో లింకు తెగితే మోగుతుంది, కానీ లింకు ఉన్నట్టు పచ్చ లైటు వెలుగుతోంది. ముట్టుకోకుండా వదిలేస్తే మోగుతుంది, నా రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. ఆపి మళ్లీ వేశాను. ఏంటెన్నాలు సరిచేశాను. పుల్లలను మొదటి నుంచి సెట్ చేశాను. లింకు తీసేసి మళ్లీ కలిపాను. తెర మీద ఎర్ర అక్షరాలు ఒక్కటీ లేవు, మోత మాత్రం ఆగలేదు. మోత ఆగకుండా డ్రోన్ లేపకూడదన్నది మాకు నేర్పిన మొదటి పాఠం.

చేను రైతు గట్టు మీద కూర్చుని అంతా చూశాడు. "లక్ష్మీదేవమ్మ ఉన్యప్పుడు ఇట్ల ఎప్పుడూ కాల్యా" అన్నాడు.

ఆ మాట నన్ను కాల్చింది. మనిషి పోయి రెండు నెలలు దాటినా డ్రోనమ్మ ఆమే.

కర్నూలులో ఖలీల్ అన్న ఇలాంటివి బాగు చేస్తాడు. బస్సెక్కి ఆయన షాపుకు పోయాను. అక్కడ స్విచ్ వేస్తే చప్పుడు లేదు. సాయంత్రం దాకా వేసి ఉంచాడు. ఒక్క బీప్ రాలేదు. ఊరికి తెచ్చి చేనులో వేస్తే మళ్లీ మూడు, మూడు. రెండోసారి పోయాను. మళ్లీ అదే మౌనం. ఆయన నా వైపు కొంచెం అనుమానంగా చూశాడు. నాకు ఏడుపొచ్చింది.

"అన్నా, ఆ కూసేదాన్నే తీసెయ్యి. చార్జింగు నేను తెర మీద చూసుకుంటా" అన్నాను.

"అట్ల తీయకూడదు చెల్లెమ్మా. అది ఉండేదే మన మంచికి."

"మోతకు రైతులు భయపడతాండారన్నా. పురుగు ఆగదు కదా."

ఆయన రిమోటు విప్పి, చొక్కా గుండీ అంత ఉన్న నల్లటి ముక్కను వేడిచేసి ఊడదీశాడు. బజర్ అంటే అదే. కాగితంలో చుట్టి నా చేతికిచ్చాడు. సీజన్ అయిపోగానే తీసుకురా, మళ్లీ వేస్తా అన్నాడు. నా ముందే స్విచ్ వేసి, కావాలని పుల్ల పైకి పెట్టి చూపించాడు. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి, చప్పుడు రాలేదు.

మరునాడు అదే చేను దగ్గర స్విచ్ వేశాను. మూడు బీప్‌లు. ఆగి మళ్లీ మూడు.

నేను రిమోటును చెవికి ఆనించి విన్నాను. శబ్దం లోపలి నుంచే వస్తోంది. బజర్ ఉన్న కాగితం పొట్లం అప్పుడు నా పర్సులో ఉంది. విప్పి చూశాను. నల్ల ముక్క అందులోనే ఉంది. ఆ రైతును పిలిచి, నీకేమైనా వినబడుతోందా అన్నా అని అడిగాను. "అదే కదమ్మా, మోగుతాండాది కదా" అన్నాడు. బజర్ సంగతి ఆయనకు తెలియదు.

ఇంతలో సంఘంలో మాట వచ్చింది. సువార్తకు నడపడం రాదు, పక్క ఊరి నుంచి నేర్చినామెను పిలిపిద్దాం అని. శనివారం మధ్యాహ్నం మీటింగు పెట్టారు. లక్ష్మీదేవి రిమోటులో ఏదైనా మార్చి పెట్టిందేమో తెలుసుకుందామని శుక్రవారం వాళ్ల ఇంటికి పోయాను. ఆమె భర్త నరసింహులు ఉల్లిగడ్డలు మూటలు కడుతున్నాడు. ఆయనకు చదువు రాదు. ఆమె డ్రోన్ సంగతులు రాసుకునే నోటుబుక్కు తెచ్చి, చూసుకోమ్మా అని ఇచ్చి మళ్లీ మూటల దగ్గరికి పోయాడు.

బ్యాటరీ లెక్కలు, మందుల పేర్లు, ఎవరి చేను ఎప్పుడు కొట్టిందీ అన్నీ పొందికగా రాసి ఉన్నాయి. చివర్లో ఒక పేజీలో ఇలా ఉంది: "ఎడమ బొటనవేలు వణుకుతాంది. నెలాయె. సంఘంలో తెలిస్తే రిమోటు సువార్తకు ఇస్తారు. ఆమె చెయ్యి నా చెయ్యి కన్నా నిలకడ, ట్రైనింగులోనే చూసినా. ఒక్కసారి ఇస్తే మళ్ల నన్ను ఎవరడుగుతారు. సీజన్ అయినాక ఆస్పత్రికి పోవాల."

దాన్ని మూడుసార్లు చదివాను. మొదట ఒళ్లంతా తేలికైంది. ఇన్నాళ్లూ కుళ్లుకున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను, ఆమె కూడా నన్ను చూసి కుళ్లుకుంది. నా చేయే మంచిదని ఆమె చేత్తోనే రాసింది. నాకు భయపడి ఆస్పత్రికి పోలేదన్న సంగతి ఆ తర్వాత గాని బుర్రకెక్కలేదు. కానీ అప్పటికే ఆ పేజీని చించి పర్సులో పెట్టుకున్నాను.

మీటింగు పద్మావతక్క ఇంటి వరండాలో జరిగింది. పదకొండు మందిమి ఉన్నాం. రిమోటు పెట్టె చాప మీద నడుమ పెట్టాను. ఆపేసి ఉంది.

పద్మావతక్క మెత్తగానే మాట్లాడింది. "సువార్తా, రాకుంటే రాదని చెప్పు. తప్పేం ల్యా. లక్ష్మీదేవి చేతిలో ఒక్క దినమన్నా ఇట్ల మోగిందా, నువ్వే చెప్పు."

నేను పర్సులో చేయి పెట్టాను. లక్ష్మీదేవి చేయి వణికేదని, అది దాచిపెట్టి మన డ్రోన్‌ను, రైతుల చేలను పణంగా పెట్టిందని ఆ పేజీ చదివి వినిపించాలనుకున్నాను. వినిపిస్తే నేనే గెలిచేదాన్ని. ఆమెను మా ఊరు ఇంకెప్పుడూ డ్రోనమ్మ అనేది కాదు. కాగితం నా వేళ్లకు తగిలింది.

పెట్టె మోగింది. మూడు బీప్‌లు.

"ఆపమ్మా దాన్ని" అంది పద్మావతక్క.

"ఆపే ఉండాదక్కా" అన్నాను. మూత తీసి చూపించాను. తెర నల్లగా ఉంది. లైట్లు లేవు. మళ్లీ మూడు మోగాయి. పర్సులోని పొట్లం తీసి, కూసే ముక్క ఇదిగో, కర్నూలులో తీయించినాను అని చాప మీద పెట్టాను. ఇంకో రెండు విడతలు మోగి ఆగిపోయింది. నేను పర్సులోంచి చేయి తీయగానే ఆగిందని ఒకామె ఇప్పటికీ చెబుతుంది. నాకు అలా అనిపించలేదు. అప్పటికి చేయి తీసి కొంతసేపయింది.

పేజీ చూపించలేదు. మీటింగు ఏదీ తేలకుండానే లేచిపోయింది.

అక్కడి నుంచి నేరుగా నరసింహులు దగ్గరికి పోయాను. పేజీ చించినందుకు తప్పయిందని చెప్పి, అందులో ఏముందో చదివి వినిపించాను. ఆయన మూట మీద కూర్చుని విన్నాడు.

"నాకు తెలుసమ్మా. అన్నం కలుపుకొనేటప్పుడు చూస్తాంటి" అన్నాడు. "పోదాం పా అంటే ఇనల్యా. ఒకటి మాత్రం చెప్పింది. సువార్త చూసిందంట గానీ ఎవ్వురికీ చెప్పలేదంట. ఇంగొకతె అయింటే ఊరంతా చెప్పింటాది, ఆ పాప శానా మంచిది అనింది."

ఆయన ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చదవడం రాకపోయినా అది ఆమె రాత అని ఉంచుకున్నాడేమో.

మోత ఆ రోజుతో ఆగిపోయిందని ఊళ్లో చెప్పుకుంటారు. అది అబద్ధం. ఆదివారం, సోమవారం కూడా మోగింది. మంగళవారం స్విచ్ వేస్తే మోగలేదు. ఆ రోజు నేను మిరపకు పదకొండు ట్యాంకులు కొట్టాను. రైతు బాగుందన్నాడు. రెండేళ్లుగా ఆ మాట కోసం ఎదురు చూసినదాన్ని, విని ఊరికే ఇంటికి వచ్చాను.

సీజన్ అయ్యాక ఖలీల్ అన్న ఆ నల్ల ముక్కను మళ్లీ అతికించాడు. జరిగిందంతా ఆయనకు చెప్పాను. రిమోటులో వణికే చిన్న మోటారు ఒకటి ఉంటుంది, దానికి జుయ్యిమనే చప్పుడు వస్తుంది గానీ బీప్ రాదు, అది కూడా ఆపేసి ఉంటే తిరగదు అన్నాడు. ఇంకో రెండు మూడు కారణాలు ఆలోచించి, ఒక్కొక్కటీ తానే కొట్టిపారేశాడు.

ఇప్పుడు ఆ రిమోటు చార్జింగు తగ్గితేనే మోగుతుంది. అప్పుడు మోగింది ఏమిటో, మూడే ఎందుకో, మంగళవారమే ఎందుకు ఆగిందో నాకు తెలియదు. దయ్యమని నేను అనను. చెవులు పొరపాటు పడ్డాయనుకుందామంటే పదకొండు మంది విన్నారు. ఆ వణుకు సంగతి నేను ఎందుకు చెప్పకుండా ఉన్నానో నరసింహులు అన్నకు ఇప్పటికీ చెప్పలేదు. దారిలో ఎదురుపడితే ఆయన, బాగున్యావా పాపా అని అడుగుతాడు.