లంగరు పడితే చుట్టాలే

పెద్దవయసులో అక్షరాలు నేర్చుకున్నాక రాయాలనిపించిన మొదటి సంగతి ఇది. పంతొమ్మిది వందల డెబ్భైల్లో ఎదురుమొండిలో పెళ్లికని నాగాయలంకలో తెరచాప పడవ ఎక్కాను. దారిలో గాలి పడిపోయింది. మడచెట్లు కమ్మిన ఒక చిన్న లంక పక్కన సరంగు లంగరు వేశాడు. అక్కడున్నది ఒక్కటే పాక.

అందులోంచి ఒకామె మొలలోతు నీళ్లలో నడిచి వచ్చింది. "దిగండమ్మా, ఎసరు పెట్టేశాను."

"మేమెవరమో తెలీదు కదండీ!"

"లంగరు పడితే మాకు చుట్టాలేనండి. మావాళ్లు చేపల వేటకెళ్తే పలకరించే దిక్కుండదు. మీరు తింటుంటే పక్కన కూచుంటాను" అని నవ్వి వెళ్లింది.

అన్నం ఉడికేసరికి గాలి లేచింది. "నీళ్లు తీస్తన్నాయమ్మా, ఇప్పుడు కదలకపోతే బురదలో దిగబడిపోతాం" అంటూ సరంగు లంగరు లాగేశాడు. ఆమె తాటాకు దొన్నెలో అన్నం, పీతల పులుసు తెచ్చి, కదులుతున్న పడవ వెంట గుండెలోతుకు వచ్చి నా చేతికందించింది.

"ఉప్పు సరిపోయిందా అమ్మా?" అని వెనక నుంచి అరిచింది.

గబగబా ఒక ముద్ద తిని, "సరిపోయింది" అని నేనూ అరిచాను. తెరచాప చప్పుడులో వినపడలేదేమో, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఆ నీళ్లలోనే నిలబడి ఉంది.