అతుకులత్త ఊడ్చేసిన చోటు

ఎవరో వస్తున్నారన్న మాట చెవిన పడితే చాలు, అతుకులత్త చేతిలోకి చీపురు వచ్చేస్తుంది. వచ్చేది చుట్టమా, కరెంటు మీటరు చూసేవాడా అన్న తేడా ఉండదు. ఒకసారి ఇంటి పైకప్పు బాగుచేయడానికి మేస్త్రీ వస్తున్నాడని ఇల్లంతా కడిగింది. అతను పైకప్పు పగలగొట్టి పోయాక మళ్ళీ కడిగింది. "ఇల్లలకగానే పండగ కాదే" అని మొగుడంటే, "అలక్కపోతే అసలే కాదు" అంటుంది. ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి. ఎదురొచ్చే బండికి దారివ్వడం అలవాటే కాబట్టి ఊరుకుంటాడు.

మూడు సందులు కలిసే మూలలో పాడుబడ్డ పంపుహౌసు ఒకటుంది. దాని గోడ నీడన అత్త కుట్టుమిషను వేసుకుని కూర్చుంటుంది. కొత్త బట్టలు కుట్టదు. చిరిగినవి అతుకుతుంది, బిగుతైనవి వదులు చేస్తుంది, పొడుగైనవి మడుస్తుంది. అందుకే ఆ పేరు. ఆ సందుల్లో ఆవిడ చెయ్యి పడని ప్యాంటు లేదు. ఎవరికి పొట్ట పెరిగిందో అందరికంటే ముందు ఆవిడకే తెలుస్తుంది. పైకి చెప్పదు పాపం, మరీ దగ్గరివాళ్ళకి తప్ప. మిషను దగ్గర నిలబడి నలుగురూ నాలుగు మాటలు చెప్పిపోతేనే ఆవిడకి అన్నం సయిస్తుంది.

ఆ మూలని బాగుచేసే ప్లాను గీయమని కాలేజీవాళ్ళు భవనాల చదువు చదివే పిల్లల్ని పంపించారు. ప్లాను నచ్చితే పురపాలక ఆఫీసు నిజంగానే కట్టిస్తుందట. పిల్లలు శనివారం శనివారం వచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయి కనపడిందల్లా కొలిచేది, పిల్లి పడుకునే గట్టుతో సహా. ఆమెకి టేపు పిల్ల అని పేరు పడింది. పక్కనుండే కుర్రాడు మాట్లాడడు, పుస్తకంలో గీస్తూనే ఉంటాడు. అతను బొమ్మల బాబు.

ఇంకేముంది, ప్రతి శుక్రవారం సాయంత్రం అత్త కాలు నిలవదు. మిషనుని పక్కింటి మెట్ల కిందకి తోసేసేది. గుడ్డ పీలికలూ దారపు ముక్కలూ ఊడ్చి, నీళ్ళు చల్లి, తెల్లారాక ఉతికిన బట్టలు కట్టుకుని ఎదురింటి అరుగు మీద పెద్దమనిషిలా కూర్చునేది.

"చదువుకున్న పిల్లలొస్తుంటే చెత్త మధ్య కూర్చుంటానా? ఫోటోలు కూడా తీస్తున్నారు!" అనేది.

"ఇక్కడ ఎవరెవరు కూర్చుంటారత్తా?" అని టేపు పిల్ల అడిగితే పూసగుచ్చినట్టు చెప్పింది. "ఆ మెట్టు మీద చదరంగం తాతలు. ఓడినాయన రెండ్రోజులు మాట్లాడడు, పట్టించుకోకు. ఆ చివర కూరలమ్మాయి బండి. సాయంత్రం ఇక్కడ పిల్లలు బంతాడతారు, వాళ్ళకి మాత్రం చోటు తగ్గించకండమ్మా."

"మరి మీరు?"

"నాదేముందమ్మా, ఊరికే అలా వచ్చి కూర్చుంటా."

"ఆ గోడ పక్కన?"

"ఏముంది, ఖాళీయేగా" అంది అత్త, తను ఊడ్చి మెరిపించిన నేలని మురిపెంగా చూసుకుంటూ.

ఇంకో శనివారం పిల్లలు ఇటుకలు, చెక్క పలకలు, మట్టి పెంకులు, నున్నటి నల్లరాయి తెచ్చి వరసగా పేర్చారు. ముట్టుకుని, కూర్చుని, ఏది బాగుందో చెప్పమన్నారు. చదరంగం తాతలు చెక్క మీద కూర్చుని మరి లేవలేదు, అదే మా జవాబు అన్నారు. అత్త నల్లరాయి మీద అరచెయ్యి వేసి కాసేపు తియ్యలేదు.

"మీకేది కావాలత్తా?"

"ఏదైనా పర్వాలేదమ్మా, సర్దుకుంటా."

పెళ్ళిచూపుల్లో కూడా ఇదే మాటందని మొగుడు అందరికీ చెప్పి నవ్వించాడు.

చివరికి ఆ మూలని అట్టముక్కలతో చిన్నగా కట్టి, కాలేజీ హాల్లో పెట్టి అందరినీ పిలిచారు. అత్త బొమ్మ చుట్టూ తిరిగింది. కాగితపు తాతలు చదరంగం ఆడుతున్నారు. కూరల బండి ఉంది. బంతి ఉంది. గట్టు మీద పిల్లి కూడా ఉంది. గోడ దగ్గరికొచ్చేసరికి అత్త ఆగిపోయింది. అక్కడ మూడు రంగుల్లో మూడు చెత్తడబ్బాలున్నాయి.

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆవిడ పని.

"నా చోట్లో చెత్తడబ్బాలు పెడతారా!" అంది. ఆ గోడ పోతే మిషను ఇంట్లోకి పోవాలి. ఇంట్లోకి నలుగురూ రారు.

టేపు పిల్ల కంగారుపడి ఫోటోలన్నీ తీసి చూపించింది. ఏ శనివారం చూసినా అదే గోడ, కింద అద్దంలాంటి నేల. మిషను లేదు. దూరంగా అరుగు మీద నవ్వుతూ ఒక పెద్దమనిషి.

"మీరు ఖాళీ అన్నారు కదత్తా" అంది ఆ పిల్ల, ఏడుపుమొహంతో.

మొగుడు పెదవి కొరికి నవ్వాపుకున్నాడు. ఆవిడ కళ్ళు చూశాక నవ్వు దానంతటదే పోయింది. "అడగందే అమ్మైనా పెట్టదే పిచ్చిదానా" అన్నాడు నెమ్మదిగా.

"ఇది మార్చుకోవచ్చత్తా" అంది టేపు పిల్ల. "సోమవారం వస్తాం. ఈసారి మాత్రం దేన్నీ సర్దకండి."

ఆవిడకి అంతకంటే పెద్ద శిక్ష లేదు. సోమవారం పొద్దున్నే మిషను గోడ పక్కన వేసుకుని కూర్చుంది. చుట్టూ పీలికలు, దారాలు, ఊడిన బొత్తాలు. పిల్లలు సందు మలుపు తిరగ్గానే లేచి చీపురు కోసం చూసింది. అది మొగుడి చంకలో ఉంది. ఆయన అరుగు మీద కాలు మీద కాలేసుకుని ఎటో చూస్తున్నాడు.

టేపు పిల్ల వచ్చి పక్కనే కింద కూర్చుంది. "ఎంత చోటు కావాలత్తా మీకు?"

"నాకెంతమ్మా, కొంచెం..." అని ఆగింది.

అంచు కుట్టమని ఎవరో ఇచ్చిన డబుల్ దుప్పటి పక్కనే ఉంది. అత్త దాన్ని తీసి, విదిలించి, పీలికల మీదే నేలంతా పరిచింది.

"ఇంత కావాలి. పరిచి చూసుకోకపోతే కుట్టు వంకరపోతుంది. కింద ఆ నల్లరాయి వెయ్యండి. సూది పడితే కనిపిస్తుంది, నా కళ్ళు మునుపట్లా లేవు."

చెబుతుంటే మొహం ఎర్రబడింది. ఇంతవరకూ ఎవరినీ ఏదీ ఇంత కావాలని అడిగిన మనిషి కాదు. మొగుడు అరుగు దిగి వచ్చాడు. చీపురు పక్కన పెట్టి, వంగి, మడత పడ్డ దుప్పటి చెంగుని పట్టుకుని చివరంటా లాగాడు.

"ఇప్పుడు కొలువమ్మా" అన్నాడు.

టేపు పిల్ల కొలిచింది. బొమ్మల బాబు మిషను గీశాడు, అత్తని గీశాడు. తర్వాత తల వంచుకుని చిన్నచిన్న గీతలేవో పెడుతున్నాడు.

"ఆ పీలికలు కూడా వేస్తున్నావా నాయనా?"

"వేశానత్తా."

అత్త చెయ్యి చీపురు దాకా వెళ్ళింది. కాసేపు అక్కడే ఉండి, వెనక్కొచ్చి దుప్పటి అంచు పట్టుకుంది.