స్పామ్ పెట్టెలో మూడు ఉత్తరాలు

మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఒక పద్ధతి ఉంది. గుమ్మం పక్కన ఉన్న చెక్కపెట్టెలో పడిన మనవి చీటీలు తీసి ఒక్కొక్కటీ పైకి చదవాలి. చదివిన మనవి కోసం వరసగా మూడు శుక్రవారాలు ప్రార్థన చేయాలి. నాలుగో శుక్రవారం ఆ చీటీ రాసినవారిని పలకరించి, దేవుడు ఏం చేశాడో కనుక్కోవాలి. మేలు జరిగితే వాళ్లే లేచి సాక్ష్యం చెబుతారు. జరగకపోతే చీటీ మళ్లీ పెట్టెలోకి వెళుతుంది. జగ్గయ్యపేటలో చాలా ఏళ్లుగా ఆ చీటీలు చదివే పని నాది. బడిలో పాఠాలు చెప్పే గొంతు కదా అని మా పాస్టరుగారు నాకు అప్పగించారు. ఆయన్ని మేమందరం అయ్యగారు అంటాం.

కొన్నేళ్ల కిందట సంఘం క్యాలెండరు మీద ఈమెయిలు అడ్రసు అచ్చు వేయించాం. దూరాన ఉన్నవాళ్లు మనవులు పంపుకోవచ్చని ఆశ. ఎవరో ఆ క్యాలెండరు ఫొటో తీసి ఇంటర్నెట్‌లో కూడా పెట్టారు. మరీ మంచిదనుకున్నాం.

ఆ మెయిలుకు క్రమం తప్పకుండా రాసేది ఒక్కరే. ఆయన లెక్కల మాస్టారు. నాతోపాటు ఒకే బడిలో పనిచేసి రిటైరయ్యి, భార్య సొంతూరు చందర్లపాడులో స్థిరపడ్డారు. ఒకప్పుడు ఆరాధనలో పాట ఎత్తుకునేది ఆయనే. గొంతులో గడ్డ వస్తే ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇక ఫోన్‌లో మాట్లాడే వీలు లేదు. ఫోన్ మీద చిన్న అక్షరాలు వెతుక్కుని నొక్కడమంటే ఆయనకు చిరాకు. ఒక పాత కంప్యూటర్ కొనుక్కుని, ప్రతి బుధవారం ఒక పేజీ టైపు చేసి పంపేవారు. నేను దాన్ని శుక్రవారం చదివేదాన్ని. ఆయన మరదలు, అంటే భార్య చెల్లెలు, మా సంఘంలోనే ఉంది. చదివిన సంగతి ఆ సాయంత్రమే ఫోన్‌లో చందర్లపాడుకు చేరిపోయేది. "పోయిన వారం రెండో పేరా మింగేశారట, ఆకలి మీద ఉన్నారా?" అని తరవాతి ఉత్తరంలో నన్ను ఎత్తిపొడిచేవారు.

ఆ మెయిలుకే ఒకరోజు ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. ఏదో దూరదేశపు విధవరాలట. క్రీస్తునందు ప్రియులారా అని మొదలుపెట్టింది. కాన్సరుతో ఆసుపత్రి మంచం మీద ఉన్నానని, పిల్లలు లేరని, ఆస్తి అంతా దైవసేవకు ఇచ్చేస్తానని రాసింది. నేను ఆ జబ్బు సంగతి వరకూ తెలుగు చేసి చదివాను. ఆస్తి సంగతి ప్రార్థనలో చదవడం మర్యాద కాదనిపించి వదిలేశాను. ఆ రోజు మా ఆడవాళ్లు ఆమె కోసం ఏడ్చారు. ఒకామె నీళ్లు కూడా ముట్టకుండా సాయంత్రం దాకా ఉంది. మీ కోసం ప్రార్థిస్తున్నామని జవాబు రాశాను. నాలుగో వారం, మన పద్ధతి ప్రకారం, దేవుడు మీకేం చేశాడో తెలియజేయండని రాశాను.

ఆమె బ్యాంకు వివరాలు పంపమంది. ఆస్తి మాకు వద్దమ్మా, నొప్పి తగ్గిందా అని అడిగాను. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు గానీ, వేరే పేరుతో ఇంకో విధవరాలు రాసింది. తరవాత ఒక సైనికాధికారి, ఒక వకీలు. అందరికీ మూడేసి శుక్రవారాలు, అందరికీ జవాబులు. ఆ తరవాత జుట్టు పెరిగే నూనెలు, లాటరీలు, అప్పులు, చెప్పలేని మందులు. పొద్దున తెరిస్తే రెండు వందలు, మధ్యాహ్నానికి ఇంకో వంద. కొన్నిటికి "దయచేసి ఇకమీదట పంపవద్దు, వందనాలు" అని కూడా రాశాను. అవి రెట్టింపయ్యాయి.

నాకు కోపం కంటే వింత ఎక్కువగా ఉండేది. వీళ్లెవరు? ఎక్కడ కూర్చుని రాస్తారు? జగ్గయ్యపేటలో మేమున్నామని వాళ్లకెలా తెలిసింది? దీన్ని ఆపే దారి ఎవరిని అడగాలి? ముందు పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. ఫిర్యాదులు రాసుకునే రైటరు గారు మర్యాదగా కుర్చీ వేశారు.

"డబ్బులేమన్నా పోయినాయా మేడమ్?"

"లేదండీ."

"ఓటీపీ చెప్పారా?"

"లేదండీ."

"మరి ఏం పోయినాయి?"

"పోయేవి కాదండీ, వచ్చేవాటి గురించి వచ్చా."

ఆయన పెన్ను కిందపెట్టారు. "పోయినవాటికి సెక్షన్ ఉందమ్మా. వచ్చేవాటికి నా దగ్గర లేదు." అయినా ఊరికే పంపలేదు. ఆన్‌లైన్ మోసాల మీద ఫిర్యాదు చేసే ప్రభుత్వ వెబ్‌సైటు ఒకటి ఉందని చెప్పి, దాని పేరు కాగితం మీద రాసిచ్చారు. ఎవరన్నా డబ్బు అడిగితే ఆ మెయిలు చెరపకుండా ఉంచమన్నారు.

అక్కణ్ణించి మెయిన్‌రోడ్డులో సెల్‌ఫోన్ షాపుకు వెళ్లాను. షాపాయన నా ఫోన్ తీసుకుని చూసి, "అమ్మో, ఏంటండీ ఇది, సంతా?" అన్నాడు. "ఇదుగో, పైన టిక్కు పెడితే పేజీ మొత్తం వస్తది. ఈ గుర్తు నొక్కండి. అన్నీ స్పామ్ పెట్టెలోకి పోతాయి. పీడా వదులుద్ది."

ఇంటికొచ్చి పేజీ తరవాత పేజీ నొక్కాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆ స్పామ్ పెట్టె మాత్రం ఒక్కసారి కూడా తెరవలేదు. శపితమైనదాన్ని ముట్టుకోకూడదని, గుడారంలో దాచుకోకూడదని సండేస్కూల్లో నేర్చుకున్నదాన్ని నేను. దాని మీద వేలు పడకుండా జాగ్రత్తగా ఉన్నాను.

ఆ బుధవారం మాస్టారి ఉత్తరం రాలేదు. రెండో వారం కూడా రాలేదు. "మాస్టారూ, ఎలా ఉన్నారు?" అని మెయిలు పెట్టాను. జవాబు లేదు. వాళ్ల ఇంటికి ఫోన్ చేద్దామనుకుంటూనే పరీక్ష పేపర్ల పనిలో పడిపోయాను. మూడో శుక్రవారం ప్రార్థన అయ్యాక, చెప్పులేసుకుంటుంటే ఆయన మరదలు నా దారికి అడ్డం నిలబడింది.

"ఏం టీచరమ్మా, మా బావ ఉత్తరాలు చేదైపోయాయా?"

"రావట్లేదమ్మా ఈమధ్య."

"రాకపోవడమేంటి? ప్రతి బుధవారం కూర్చుని టకటకా కొడతానే ఉన్నాడు. చదివారా అని సాయంత్రం అక్క అడగడం, లేదని నేను చెప్పడం. మళ్లీ ఆసుపత్రిలో చూపించుకుంటున్నారు, తెలుసా? గొంతు పోయినోడి పేరు కూడా పోయిందని అక్కకి రాసిచ్చాడంట. ఇంక రాయనన్నాడంట."

అరుగు మీదే కూర్చున్నాను. మెయిలు తెరిచి వెతికాను. ఆయన పేరుతో కొత్త ఉత్తరం ఒక్కటీ లేదు. ఎక్కడికి పోయినట్టు? మనిషి మాట్లాడేందుకు మిగిలిన ఒకే ఒక దారి నా చేతిలో ఉంది. అది ఎక్కడ తెగిందో నాకే తెలియడం లేదు.

క్రిస్మస్‌కు తెల్లచీరలు కొనే బట్టల కొట్టు సేటు గారి రెండో అమ్మాయి నందిగామలో డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెబుతుందని నాకు గుర్తుంది. మర్నాడు శనివారం. కొట్లో నంబరు తీసుకుని ఆమెకు ఫోన్ చేసి, సంగతంతా చెప్పి, చిల్లకల్లు మీదుగా వెళ్లే బస్సెక్కాను.

కాలేజీ ల్యాబులో ఆమె ఒక కంప్యూటర్ ముందు నన్ను కూర్చోబెట్టి, మెయిలు తెరిపించింది.

"వీళ్లకి మీరు జవాబులు ఇచ్చారా మేడమ్?"

"ప్రతి ఒక్కళ్లకీ ఇచ్చా. అది మా పద్ధతమ్మా. మూడు శుక్రవారాలు ప్రార్థన చేసి, నాలుగో వారం దేవుడు ఏం చేశాడో అడుగుతాం."

"అడిగారా? వాళ్లని?"

"ఊఁ."

ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని, కుర్చీ తిప్పుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. "సారీ అండీ, సారీ. వాళ్ల జన్మలో ఎవరూ అడిగుండరు," అంది కళ్లు తుడుచుకుంటూ. నాకూ నవ్వొచ్చింది. తరవాత ఓపికగా చెప్పింది. వాళ్లు ఎవరినీ ఎరిగి రాయరు. దొరికిన అడ్రసులన్నిటికీ ఒకేసారి విసురుతారు. క్యాలెండరు ఫొటోలోంచి కూడా ఏరుకునే ఉంటారు. జవాబు వచ్చిన అడ్రసు దగ్గర మనిషి ఉన్నాడని తెలుస్తుంది. వద్దని రాసినా సరే, ఉన్నామని చెప్పినట్టే. ఆ అడ్రసు చేతులు మారుతుంది.

"అంటే మేము ప్రార్థన చేసినకొద్దీ పెరిగాయన్నమాట."

"ప్రార్థన వల్ల కాదండీ, జవాబు వల్ల. ప్రార్థన చేసుకోండి, ఎవరొద్దన్నారు? జవాబు మాత్రం ఇవ్వకండి."

మెయిలు కంపెనీ వాళ్ల సహాయం పేజీ తెరిచింది. అది తెలుగులో కూడా ఉంది. అంతకాలం ఊరంతా తిరిగాను గానీ, రోజూ తెరిచే మెయిలు అంచున ఉన్న ఆ ప్రశ్నగుర్తును ఎప్పుడూ నొక్కలేదు. ప్రసంగాలు రాసుకునే నోటుబుక్కులో అన్నీ రాసుకున్నాను. తెలియనివాళ్లు పంపిన లింకు నొక్కకూడదు, పంపవద్దని చెప్పే మీట కూడా నమ్మకమైన చోటే నొక్కాలి, తెలిసినవాళ్ల అడ్రసులు ముందే పేర్లతో దాచుకోవాలి. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఏది చెత్తో ఏది కాదో ఆ యంత్రం మన వేలిని చూసి నేర్చుకుంటుందట.

"మీ మాస్టారి పాత ఉత్తరం ఏదన్నా ఆ పేజీల్లో ఉందేమో. మొత్తం టిక్కు పెట్టి నొక్కారు కదా? ఈయన చెత్త అని మీరే దానికి నేర్పారు," అంటూ ఆమె స్పామ్ పెట్టె తెరిచింది.

నూనెల మధ్య, లాటరీల మధ్య, మూడు బుధవారాల ఉత్తరాలు మూడూ ఉన్నాయి. ఇంకొన్నాళ్లు చూడకపోతే వాటంతటవే చెరిగిపోయేవట. బైబిల్లో, గురుగులనే కలుపు పీకబోయి గోధుమలు కూడా పీకుతారేమో ఆగమన్న యజమాని సంగతి నేను పిల్లలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటాను! అక్కడే కూర్చుని మూడూ చదివాను. ఆమె లేచి, ప్రింటు తీసి తెచ్చి ఇచ్చింది.

నందిగామ నుంచి చందర్లపాడుకు ఆటోలో వెళ్లాను. మాస్టారు వరండాలో పాత టూత్‌బ్రష్షుతో కీబోర్డు దుమ్ము దులుపుతున్నారు. నన్ను చూసినా బ్రష్షు ఆపలేదు. ఆయన భార్య మాత్రం, "ఇప్పుడు గుర్తొచ్చామా వదినా?" అంది.

మాస్టారు పక్కనున్న పొడుగు నోటుబుక్కు తీసి రాసి చూపించారు. "చదివారా?"

"ఇవాళే చదివా మాస్టారూ."

"ఇన్నాళ్లు ఎక్కడున్నాయి?"

"చెత్తలో ఉన్నాయండీ. నేనే వేసా."

"ఆఁ?" అంది ఆమె. ఆయన "ఎలా?" అని రాసి, దాని కింద రెండు గీతలు గీశారు. అది కోపమో కాదో తెలియక, విధవరాలి దగ్గర నుంచి టిక్కు దాకా అంతా వరసగా చెప్పాను. లెక్క తప్పిన చోటు వెతికే మనిషిలా మధ్యమధ్య వేలెత్తి ఆపి, మళ్లీ చెప్పించుకున్నారు. ఉన్నట్టుండి లేచి లోపలికి వెళ్లి తన కంప్యూటర్‌లో స్పామ్ పెట్టె తెరిచారు. ఆయన కూడా ఎప్పుడో నాలాగే టిక్కు పెట్టి నొక్కినట్టున్నారు, జుట్టు నూనెల కింద నా ఉత్తరం ఉంది. మాస్టారూ, ఎలా ఉన్నారు?

ఆయన నవ్వితే శబ్దం రాదు. మెడ దగ్గర గుడ్డ మాత్రం ఎగిరెగిరి పడింది.

"ఇద్దరూ మేష్టర్లే," అంది ఆమె. "ఇంతోటిదానికి నాకో ఫోన్ కొట్టొచ్చుగా వదినా."

మాస్టారు రాశారు. "శుక్రవారం మూడూ చదవాలి. నేను వస్తా. ఒక్క పేరా కూడా వదలొద్దు."

"మొదటిదాంట్లో రాసిన మంగళవారం స్కానింగ్ అయిపోయిందిగా? అయిపోయిన మంగళవారానికి ప్రార్థనేంటి?" అంది ఆమె. ఆయన రాసిన వాక్యం మీదే వేలితో మళ్లీ కొట్టారు.

ఆ ప్రశ్న నన్నూ వదల్లేదు. గడిచిపోయిన రోజు కోసం ప్రార్థన చేయవచ్చా? అయ్యగారిని అడిగాను. ఆయన, "దేవుడికి మంగళవారం అయిపోయిందని నీకెవరు చెప్పారమ్మా?" అన్నారు.

శుక్రవారం మాస్టారు వచ్చారు. మగవాళ్ల వైపు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆయన భార్య చెల్లెలి పక్కన చాప మీద కూర్చుంది. మొదటి ఉత్తరం చదివాను. స్కానింగ్ బాగా జరగాలని అందరం మోకరించి, జరిగిపోయిన ఆ రోజు కోసం ప్రార్థన చేశాం. రెండోది చదివాను. ముక్క తీసి పరీక్షకు పంపారని, రిపోర్టుకు నెల పడుతుందని ఉంది. అది ఇంకా రాలేదు. మూడోది ఇలా మొదలవుతుంది. "సంఘానికి వందనాలు. ఇది నా చివరి మనవి. నా కోసం ప్రార్థన మానుకోవాలని మీరు అనుకుని ఉంటే, నాకు చెప్పి మానుకోవలసింది."

అక్కడ ఆగి కాగితం దించాను. మాస్టారు కుర్చీలోంచే చెయ్యెత్తి, చదవమన్నట్టు వేళ్లు ఊపారు. ఇంకో పేరా ఉంది. నేను దాన్ని నందిగామలోనే చదివాను కాబట్టి, ఆడవాళ్ల వైపు చూడకుండా ఉండాలని ప్రయత్నించాను. ఆయన మళ్లీ వేళ్లు ఊపారు. చదివాను.

"రిపోర్టు అంటే నాకు భయంగా ఉంది. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఈ సంగతి మా ఆవిడకు తెలియదు. పక్కనే ఉన్న మనిషికి రాసి చూపించడానికి చెయ్యి రాలేదు. అందుకే మీకు రాస్తున్నాను."

చాప మీద నుంచి ఆమె లేచింది. ఆడవాళ్లను దాటుకుని, మగవాళ్ల వైపుకు నడిచి, ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. మా సంఘంలో అలా ఎవరూ కూర్చోరు. ఎవరూ ఆమెను లేవమనలేదు. ప్రార్థన మొదలుపెట్టాం.