గేటుకి కట్టిన నీలి సీసాలు

మా ఒసే ఇక బతకదని తెలిశాకే దాని గుణమేమిటో మాకు తెలిసింది. తెలిసి ఏం ఉద్ధరించామని?

ఒసే మా కుక్క. పేరంటూ ఏమీ పెట్టలేదు. "ఒసే" అంటే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది, అదే పేరైపోయింది. శ్రీకాకుళంలో మా సందంతా దానికి జడిసేది. పాలాయన దగ్గర్నుంచి కరెంటు బిల్లు తీసేవాడి దాకా గేటవతలే నిలబడి కేకేసేవారు. నాకు అదో గర్వం. నా నోరూ అలాంటిదే మరి.

మా అక్క మొగుడు, పాతపట్నం బావ, రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఆక్యుప్రెషర్ క్లాసులకి వెళ్లాడు. అక్కడ చైనా వైద్యం నేర్పారట. ప్రాణమున్న ప్రతిదానికీ అయిదింట్లో ఒక గుణం ఉంటుందట: కట్టె, నిప్పు, మన్ను, ఇనుము, నీరు. "మన పంచభూతాల్లో గాలీ ఆకాశం ఉంటాయి కదా బావా, ఈ కట్టే ఇనుమూ ఎక్కణ్నుంచి ఊడిపడ్డాయి?" అని వెక్కిరించాను.

"నీకు తెల్దు, ఊరుకోయే" అన్నాడు.

అప్పట్నుంచి మా ఇంటికొచ్చినప్పుడల్లా వీధికుక్కల గుణాలు చెప్పడమే పని. టిఫిన్ కొట్టు ముందు పొద్దస్తమానం పడుకుని, పిల్లలు తోక లాగినా కదలనిది మన్ను. కనబడ్డవాడి మీదల్లా పడి నాకేది నిప్పు. ఎవర్నీ దగ్గరికి రానివ్వకుండా దూరంగా నిలబడేది ఇనుము. నిజం చెప్పొద్దూ, కాస్త సరిగ్గానే ఉందే అనిపించేది.

మా ఒసే విషయంలో మాత్రం ఒక్క క్షణం ఆలోచించలేదు. "ఇది కట్టె. కోపం కాలేయంలో ఉంటాది. కట్టెకి నీరు సాల్లేదు, అందికే ఎండిపోయి అరుస్తాది. నీటి రంగు నీలం. నీలం ఎప్పుడూ దీని కళ్ల ముందుండాల." అంటూనే ఎదురింటి గేటు వైపు చూశాడు.

మా వైపు చాలా గుమ్మాల ముందు నీలిమందు కలిపిన నీళ్ల సీసాలుంటాయి. వాటిని చూసి కుక్కలు బెదురుతాయని, ముగ్గు పాడుచెయ్యవని నమ్మకం. ఇంట్లో కుక్కుంది కాబట్టి మేం ఎప్పుడూ పెట్టలేదు. బావ మా గేటుకి రెండు పక్కలా సీసాలు కట్టేశాడు.

"అవి కుక్కల్ని బెదరగొట్టడానికి కదా బావా!" అన్నాను.

"అది వీధికుక్కలకే. ఇది వైద్యం" అన్నాడు.

ఆ రోజు నుంచి ఒసే గేటు దాటలేదు. మెట్ల కింద దూరి కూర్చునేది. అరుపులు తగ్గాయి. "సూసేవా, కోపం సల్లారింది!" అని బావ పొంగిపోయాడు. నేనూ నమ్మాను.

తర్వాత తిండి మానేసింది. చోడి అంబలంటే పడి చచ్చేది, గిన్నె వాసన చూసి మొహం తిప్పేసుకుంది. ఆ పైన వాంతులు. ఎలాగైనా బతికించుకోవాలని బావా నేనూ ఆటోలో పశువుల ఆసుపత్రికి బయల్దేరాం. గేటు దగ్గరికి రాగానే అది నా చంకలో మొహం దాచేసుకుంది. వీధంతటినీ హడలెత్తించిన కుక్క!

రక్తపరీక్ష చూసి డాక్టరు, "రెండు కిడ్నీలూ పోయాయమ్మా. ఇవాళ్టిది కాదు, ఎప్పట్నుంచో ఉండుంటుంది. సెలైన్ పెడతాను గానీ ఆశ పెట్టుకోవద్దు" అన్నారు.

బావ వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. "కిడ్నీ అంటే కట్టె కాదే. నీరు" అన్నాడు.

"అయితే?"

"నీటి గుణానికి కోపం ఉండదు. బయం. ఎవులొచ్చినా బయపడే అరిసేదది."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇప్పుడా చెప్పడం? భయపడేదాని ఎదురుగా బెదిరించే సీసాలు కట్టావు కదయ్యా!" అని ఆసుపత్రి అదిరేలా అరిచాను. సీసాల వల్ల కిడ్నీలు పోవని డాక్టరు నచ్చజెప్పారు. పోవు, సరే. దానికి మిగిలిన నాలుగు రోజులూ మెట్ల కిందే అయిపోయాయి కదా, వాటినెవరు తెచ్చిస్తారు?

ఇంటికి తెచ్చి గుమ్మంలో గోనెసంచి మీద పడుకోబెట్టాం. బావ సీసాలు ఊడదీసి, నీలినీళ్లు కాలవలో పారబోసి, గేటు బార్లా తీశాడు. "ఒసే, ఇంకేటీ లేదే. రా, ఎల్దాం" అన్నాడు. అది గేటుకేసి చూసింది. తోకతో నేల మీద ఒక్కసారి కొట్టింది. లేవలేదు.

అప్పుడే పాలాయన వచ్చాడు. గేటు తీసి ఉండడం చూసి రెండడుగులు వెనక్కి వేసి, "అమ్మా, కుక్కని పట్టుకోండి!" అని కేకేశాడు.

ఒసే నోరు తెరిచింది. అరుపు రాలేదు. అరుపు లేకపోయేసరికి ఒంట్లో వణుకు ఒక్కటే కనబడింది.

"భయం లేదు, రా బాబూ" అన్నాను.

ఆయన రాలేదు.